మధ్యవర్తి రాతల్లో మన జాగా ఎక్కడ?

యుద్ధం చేసినవాళ్లు రాసుకున్న పుస్తకాలు మనకు చాలా ఉన్నాయి. పాలించినవాళ్ల ఆత్మకథలకూ కొదవ లేదు. రెండు పక్షాల మధ్య కూర్చుని, ఏళ్ల తరబడి సాగిన నెత్తురు తగువును ఆపడానికి ప్రయత్నించినవాళ్ల రాతలు మాత్రం తక్కువ. ఉన్నవాటిని కూడా మన విద్యార్థులు, కార్యకర్తలు పెద్దగా చదవరు. 'అది వాళ్లకూ వీళ్లకూ మధ్య వ్యవహారం, మనకేం సంబంధం?' అనే భావన ఉంది. ఆ భావన సరైంది కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు నేల మీద అలాంటి అనుభవం ఒకటి 1997 నుంచి 2005 దాకా నడిచింది. నక్సలైటు పార్టీలకూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య పౌర స్పందన వేదిక నిలబడింది. ఆ వేదికకు కన్వీనర్ ఎస్.ఆర్.శంకరన్. వేదిక తన అనుభవాన్ని ఒక వ్యక్తి జ్ఞాపకాలుగా రాయలేదు. లేఖలు, నివేదికలు, చర్చల వివరాలు కలిపి సమష్టిగా అచ్చు వేసింది. 2006లో ఇంగ్లీషులో వచ్చిన 'నెగోషియేటింగ్ పీస్' అందులో ముఖ్యమైంది. వేదిక సభ్యుల్లో కె.జి.కన్నబిరాన్ తెలుగులో '24 గంటలు' అనే జ్ఞాపకాలు రాశారు. అది 2022లో ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ఆత్మకథ పేరు 'విధి నా సారథి'. శంకరన్ మాత్రం తన కథ తాను రాసుకోకుండానే 2010 అక్టోబరు 7న కన్నుమూశారు. దళితుల కోసం అంత పనిచేసిన అధికారి స్వీయచరిత్ర మనకు లేదు. అందుకే వేదిక పత్రాలనే ఆయన జ్ఞాపకాలుగా చదువుకోవాలి.

రాజీ వేరు, చర్చ వేరు

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. మా చిత్తూరు జిల్లా పల్లెల్లో తగువు వస్తే పంచాయితీ పెడతారు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చుంటారు. ఊరివాళ్లు కూర్చుంటారు, అరుంధతివాడ వాళ్లు, ఆది ఆంధ్రవాడ వాళ్లు నిలబడతారు. తగువు ఎవరి మధ్య అయినా, తీర్పు చెప్పేవాళ్లు ఒక్క పక్షం నుంచే వస్తారు. తప్పు కట్టేది ఎవరో ముందే తెలుసు. దీన్ని మధ్యస్తం అంటారు, రాజీ అంటారు, 'ఊరు బాగుండాలి గదా' అంటారు.

నాకు పదేళ్ల వయసులో మా ఇంట్లో ఇట్లాంటి రాజీ ఒకటి జరిగింది. గట్టు తగాదాలో మా నాయనను కొట్టారు. స్టేషన్ దాకా పోయిన ఫిర్యాదు వెనక్కి వచ్చింది. 'రేపు మళ్లీ వాళ్ల చేన్లోకే గదా పనికి పోవాల' అని మా అవ్వ అన్నది. మా నాయన కాగితం మీద వేలిముద్ర వేసినాడు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో ఆ రోజు మా ఇంట్లో చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఈ పత్రిక చదివేవాళ్లలో సగం మందికి ఇట్లాంటి కాగితం ఒకటి గుర్తుండే ఉంటుంది.

అందుకే దళితులకు 'మధ్యవర్తి' అనే మాట మీద అనుమానం ఉంది. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. 1983లో మా జిల్లా పదిరికుప్పం, 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ప్రతి చోటా దాడి తర్వాత వచ్చిన మొదటి మాట 'సర్దుకుపోండి' అనేదే. కారంచేడు బాధితులు చీరాల శిబిరం నుంచి ఊరికి తిరిగి పోమని తేల్చి చెప్పడంతోనే ఆ ఉద్యమం కొత్త దారి పట్టింది. రాజీని నిరాకరించడం అక్కడ రాజకీయ చర్య అయింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కూడా ఈ అనుభవమే ఉంది. కులం పేరుతో చేసిన నేరం ఇద్దరు మనుషుల సొంత తగువు కాదు, సమాజం మీద నేరం అనేది ఆ చట్టం సారాంశం. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రామావతార్ కేసులో, కొన్ని సందర్భాల్లో రాజీ మీద ఈ చట్టం కేసులను కూడా కొట్టేయవచ్చు అన్నది. ఆ రాజీ బలవంతంగా జరిగిందా, స్వేచ్ఛగా జరిగిందా అనేది జాగ్రత్తగా చూడాలని కూడా చెప్పింది. అంటే ప్రశ్న మళ్లీ అక్కడికే వచ్చింది. సమానం కాని ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరితే, అది ఒప్పందమా, లొంగుబాటా?

ఈ ప్రశ్న చేతిలో పెట్టుకుని చదివితే మధ్యవర్తుల రాతల్లో మనకు కావలసింది చాలా దొరుకుతుంది.

అలిపిరి దాకా, అలిపిరి తర్వాత

2003 అక్టోబరు 1న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు తిరుమల బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి పోతుంటే అలిపిరి దగ్గర పీపుల్స్‌వార్ క్లెమోర్ మైన్లు పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. మా తిరుపతిలో ఇప్పటికీ కాలాన్ని 'అలిపిరికి ముందు, అలిపిరి తర్వాత' అని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. ఆ సంఘటన తర్వాత శాసనసభ రద్దయింది. 2004 ఎన్నికల్లో తెలుగుదేశం 294 సీట్లలో 47 మాత్రమే గెలిచింది. చర్చలు జరుపుతామని చెప్పిన కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రమాణం చేశారు. మందుపాతర పేలిన ఏడాదికి రెండు పక్షాలూ ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి.

అయితే ఆ బల్ల ఒక్క ఏడాదిలో తయారు కాలేదు. శ్రీకాకుళం పోరాటం 1960ల చివర మొదలైంది. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. 1992లో పార్టీ మీద నిషేధం వచ్చింది, 1995లో సడలింది, 1996లో మళ్లీ వచ్చింది. ఎన్‌కౌంటర్ల వార్త, దానికి ప్రతీకారం వార్త రోజూ పేపర్లో పక్కపక్కనే వచ్చేవి. ఆ స్థితిలో 1997లో కొందరు పౌరులు కలిసి వేదిక పెట్టారు.

మధ్యలో నిలబడ్డవాళ్లు

మధ్యవర్తి మాటకు విలువ అతని గతం నుంచి వస్తుంది. ఈ సంగతి పల్లెలో అందరికీ తెలుసు. శంకరన్ గతం ఏమిటి?

ఆయన తంజావూరు ప్రాంతం నుంచి వచ్చిన ఐఏఎస్ అధికారి. డెబ్బయ్యో దశకంలో ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేశారు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చినప్పుడు, దాన్ని ఫైల్లో ఉంచకుండా పల్లెల్లోకి తీసుకుపోయారు. 'మీరు ఎవరికీ బానిసలు కారు, చట్టం మిమ్మల్ని విడిపించింది' అని జీతగాళ్లకు చెప్పడం అప్పటి పాలకులకు నచ్చలేదు. తర్వాత త్రిపుర వెళ్లి నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. మన పిల్లలు చదువుకున్న సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల వెనుక ఆయన కృషి ఉంది. పాకీపని నిర్మూలన కోసం సఫాయి కర్మచారి ఆందోళన్‌తో చివరిదాకా నడిచారు. 2005లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇస్తానంటే వద్దన్నారు.

ఇంకో విషయం ఉంది. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ కిడ్నాప్ చేసిన ఐఏఎస్ అధికారుల బృందంలో శంకరన్ కూడా ఉన్నారు. జైల్లో ఉన్న నక్సలైట్లను ప్రభుత్వం వదిలాక అధికారులు విడుదలయ్యారు. తనను ఎత్తుకుపోయిన పార్టీతో పదేళ్ల తర్వాత అదే మనిషి మాట్లాడటానికి పూనుకున్నారు. అందులో కోపమూ లేదు, మొహమాటమూ లేదు.

కన్నబిరాన్ పౌరహక్కుల సంఘానికి 1978 నుంచి 1994 దాకా రాష్ట్ర అధ్యక్షుడు. ఎన్‌కౌంటర్ల కేసులు వాదించిన వకీలు. ప్రొఫెసర్ జి.హరగోపాల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు. పొత్తూరి పత్రికల నుంచి వచ్చారు. ఒక అధికారి, ఒక వకీలు, ఒక పంతులు, ఒక సంపాదకుడు. వీళ్లెవరూ ఆయుధం పట్టినవాళ్లు కారు, ఓట్లు అడిగినవాళ్లూ కారు.

వీళ్లు చెప్పిన మాట స్థూలంగా ఇది. నక్సలైటు సమస్యను శాంతిభద్రతల సమస్యగా మాత్రమే చూసే ప్రభుత్వం, భూమి, కూలి, ఆత్మగౌరవం అనే అసలు కారణాలను చూడటం లేదు. చట్టాన్ని కాపాడాల్సిన రాజ్యమే చట్టం తప్పి మనుషుల్ని చంపితే ఇక చట్టబద్ధ పాలన ఎక్కడిది? అదే గొంతుతో పార్టీలకు కూడా చెప్పారు. ఇన్‌ఫార్మర్ అనే పేరుతో బీదవాళ్లను చంపడం, సాయుధ చర్య చుట్టూ రాజకీయం తిరగడం వల్ల ప్రజలు మాట్లాడుకునే జాగా కుంచించుకుపోతోంది. రెండు తుపాకుల మధ్య మూగబోయిన మూడో గొంతును వినిపించాలనేది వేదిక పట్టుదల.

మధ్యవర్తిత్వంలో మొదటి పాఠం ఇక్కడ ఉంది. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడేవాణ్ణి నిష్పక్షపాతి అని మనం అనుకుంటాం. వేదిక రెండు పక్షాలనూ నొప్పించింది. ఒకే కొలతబద్దతో కొలిచింది. మనిషి ప్రాణం అనేదే ఆ కొలతబద్ద. పౌరహక్కుల ఉద్యమంలో కూడా ఆ రోజుల్లో ఇదే చర్చ నడిచింది. పార్టీ హింసను ఎట్లా చూడాలనే ప్రశ్న మీద విభేదించి, బాలగోపాల్ మొదలైనవాళ్లు 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు.

నాలుగు రోజుల చర్చలు

2002 వేసవిలో మొదటి ప్రయత్నం జరిగింది. పీపుల్స్‌వార్ ఒక నెల కాల్పుల విరమణ ప్రకటించింది. వరవరరావు, గద్దర్ పార్టీ దూతలుగా ప్రభుత్వంతో మాట్లాడారు. ఎన్‌కౌంటర్లు ఆగలేదు. జులైలో దూతలు వైదొలిగారు. చర్చల కోసం చర్చలు జరిగాయి గానీ అసలు చర్చ జరగలేదు.

2004లో పరిస్థితి మారింది. జూన్ నుంచి పోలీసు చర్యలు తగ్గాయి. జులైలో నిషేధం గడువు తీరితే కొత్త ప్రభుత్వం పొడిగించలేదు. ఈసారి పీపుల్స్‌వార్ దూతలు ముగ్గురు: వరవరరావు, గద్దర్, జి.కళ్యాణరావు. అక్టోబరులో నల్లమల నుంచి నాయకులు బయటికి వచ్చారు. పల్నాడులో గుత్తికొండ బిలం దగ్గర జనం వేలుగా చేరారు. అక్టోబరు 14న, చర్చలకు ఒక రోజు ముందు, పీపుల్స్‌వార్, ఎంసీసీఐ కలిసి సెప్టెంబరు 21న మావోయిస్టు పార్టీగా ఏర్పడ్డాయని ప్రకటించారు.

అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థలో చర్చలు జరిగాయి. నాయకులకు మంజీరా అతిథిగృహంలో బస. ప్రభుత్వం వైపు హోంమంత్రి కె.జానారెడ్డి. మావోయిస్టుల వైపు రామకృష్ణ, సుధాకర్, గణేష్. జనశక్తి వైపు అమర్, రియాజ్. మధ్యలో వేదిక పెద్దలు.

బల్ల మీద ఏం పెట్టారు? కాల్పుల విరమణ నియమాలు, ప్రజాస్వామిక హక్కులు, భూమి, ప్రపంచబ్యాంకు విధానాలు, తెలంగాణ, వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి. ఇందులో రెండు విషయాల దగ్గర చర్చ గట్టిగా నిలబడింది. మొదటిది ఆయుధాలు. ఆయుధాలు పట్టుకుని ఊళ్లల్లో తిరగకూడదని ప్రభుత్వం, కాల్పుల విరమణ అంటే ఆయుధాలు దింపడం కాదని పార్టీలు. రెండోది భూమి. మిగులు భూములు, అన్యాక్రాంతమైన ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు గుర్తించి పంచడానికి అధికారం ఉన్న కమిషన్ వేయాలని పార్టీలు అడిగాయి.

మళ్లీ కలుద్దామని చెప్పి నాయకులు అడవికి తిరిగి పోయారు. రెండో విడత చర్చలు జరగలేదు. 2005 జనవరి మొదటి వారాల్లో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. జనవరి నడుమ రెండు పార్టీలూ చర్చల నుంచి తప్పుకున్నట్టు ప్రకటించాయి. జులై 1న, బల్ల దగ్గర కూర్చున్న రియాజ్ ఎన్‌కౌంటరులో చనిపోయారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే సి.నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం మళ్లీ వచ్చింది.

ఎందుకు తెగిపోయింది?

ఒకరు ప్రభుత్వం మోసం చేసిందంటారు, ఇంకొకరు పార్టీ బలం కూడగట్టుకోవడానికి సమయం తీసుకుందంటారు. మధ్యవర్తి అనుభవంలో నుంచి చూస్తే ఇంకో మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి, కాల్పుల విరమణ నియమాల మీద సంతకం పడలేదు. నోటి మాట మీద నడిచిన శాంతి ఏ నోటి మాటకైనా కూలిపోతుంది. రెండు, ఎవరు నియమం తప్పారో నిర్ధారించి చెప్పే అధికారం ఎవరికీ లేదు. వేదికకు నైతిక బలం ఉంది గానీ, పోలీసునైనా దళాన్నైనా నిలదీసి ఆపే శక్తి లేదు. మూడు, రెండు పక్షాలకూ చర్చలు తప్పనిసరి అనే ఒత్తిడి కింది నుంచి రాలేదు. గుత్తికొండకు వచ్చిన జనం చూడటానికి వచ్చారు. చర్చలు తెగిపోతే రోడ్డు మీదికి రావాలని వాళ్లను ఎవరూ సమీకరించలేదు.

ఐర్లండు సంగతి

ఇక్కడ ఉత్తర ఐర్లండుతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. అక్కడ మూడు దశాబ్దాల ఘర్షణలో సుమారు 3,500 మంది చనిపోయారు. అది 1960ల చివర కాథలిక్కుల పౌరహక్కుల ఉద్యమంగా మొదలైంది. ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాల్లో, ఓటు హక్కులో వివక్ష మీద వాళ్లు లేచారు. అమెరికా నల్లజాతివాళ్ల ఉద్యమం నుంచి స్ఫూర్తి తీసుకున్నారు. అంటే మన దళిత పాంథర్లు ఎక్కడి నుంచి స్ఫూర్తి తీసుకున్నారో వాళ్లూ అక్కడి నుంచే.

1996 నుంచి 1998 దాకా ఆ చర్చలకు అధ్యక్షత వహించిన అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 1999లో 'మేకింగ్ పీస్' అనే జ్ఞాపకాలు రాశారు. అక్కడ కూడా ఆయుధాల దగ్గరే బండి ఆగింది. ముందు ఆయుధాలు అప్పగించాలని బ్రిటన్, అది లొంగుబాటని ఐఆర్ఏ. మిచెల్ నాయకత్వంలోని బృందం 1996 జనవరిలో మధ్యేమార్గం చెప్పింది. చర్చల్లోకి వచ్చే ప్రతి పార్టీ అహింసా సూత్రాలకు కట్టుబడాలి, ఆయుధాల అప్పగింత చర్చలతో పాటు సమాంతరంగా జరగాలి. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరింది. మే 22న దాన్ని ప్రజల ఓటుకు పెడితే ఉత్తర ఐర్లండులో 71 శాతం అవునన్నారు. ఐఆర్ఏ ఆయుధాల అప్పగింత పూర్తయింది మాత్రం 2005లో, ఒప్పందం జరిగిన ఏడేళ్లకు. మన దగ్గర చర్చలు తెగిపోయిందీ అదే 2005లో.

ఐర్లండు అనుభవంలో మనం ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. చర్చలకు ఎవరు రావాలో 1996లో ఎన్నిక పెట్టి తేల్చారు. మొదటి పది పార్టీలకు చోటు దొరికేట్టు నియమం పెట్టారు. ఆ నియమం చూసి, ఆడవాళ్లు కొద్ది వారాల్లో మహిళా కూటమి పెట్టుకుని, ఓట్లు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. తుపాకీ లేనివాళ్లకు కూడా కుర్చీ దొరికింది. మన దగ్గర అట్లాంటి తలుపు ఎవరూ తెరవలేదు.

రెండు చోట్లా పరిస్థితులు ఒకటే అని నేను అనడం లేదు. అక్కడ రెండు దేశాల ప్రభుత్వాలు ఒప్పందానికి పూచీ పడ్డాయి, మధ్యవర్తి వెనుక అమెరికా ఉంది. శంకరన్ వెనుక ఆయన మంచితనం తప్ప ఏముంది?

1932 మనకు చెప్పింది

మంచితనం ఒక్కటే చాలదని మనకు 1932 సెప్టెంబరులోనే తెలిసింది. ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. దానికి వ్యతిరేకంగా గాంధీ సెప్టెంబరు 20న ఎరవాడ జైలులో నిరాహారదీక్షకు కూర్చున్నారు. తేజ్ బహదూర్ సప్రూ, ఎం.ఆర్.జయకర్ మధ్యవర్తులుగా తిరిగారు. ఇద్దరూ పేరున్న న్యాయవాదులు, మర్యాదస్తులు. 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, 71కి బదులు 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి.

అంబేడ్కర్ మీద ఉన్న ఒత్తిడి ఏమిటి? దీక్షలో గాంధీ చనిపోతే దేశంలో ప్రతి పల్లెలో అంటరానివాళ్ల గుడిసెలు కాలుతాయి. ఆ సంగతి బల్ల మీద ఎవరూ పెట్టలేదు గానీ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. రెండు వైపులా కుర్చీలు ఒకే ఎత్తులో ఉన్నా, ఒక వైపు మాత్రమే ప్రాణభయం ఉంటే అది సమాన చర్చ కాదు. సప్రూ, జయకర్ల నిజాయితీని శంకించనక్కర లేదు. చర్చ జరిగే పరిస్థితిని మార్చలేని మధ్యవర్తి, ఎంత నిజాయితీపరుడైనా, బలవంతుడికే ఉపయోగపడతాడు. మా నాయన వేలిముద్రకూ ఇదే వర్తిస్తుంది.

2004లో బల్ల దగ్గర కూర్చున్న రెండు పక్షాలకూ బలం ఉంది. బలం లేనివాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు గదిలో లేరు.

బల్ల దగ్గర లేనివాళ్లు

ముగ్గురు దూతల్లో గద్దర్, కళ్యాణరావు దళిత నేపథ్యం నుంచి వచ్చినవాళ్లు. ఒకరు మన పాటను ప్రపంచానికి వినిపించినవాడు, రెండో ఆయన 'అంటరాని వసంతం' రాసిన నవలాకారుడు. వాళ్లు అక్కడ పార్టీ దూతలుగా ఉన్నారు, దళితుల ప్రతినిధులుగా కాదు. మధ్యవర్తుల్లో దళితుల కోసం జీవితం ఇచ్చిన శంకరన్ ఉన్నారు. అది కూడా ప్రాతినిధ్యం కాదు. మన కోసం మాట్లాడేవాళ్లు ఉండటం, మనం మాట్లాడటం వేరు వేరు సంగతులు.

ఈ యుద్ధంలో చనిపోయిందెవరు? దళాల్లో మన పిల్లలు ఉన్నారు. ఇన్‌ఫార్మర్లని చంపబడినవాళ్లలో మన వాడల మనుషులు ఉన్నారు. కానిస్టేబుల్, హోంగార్డు ఉద్యోగం దొరికిందని సంబరపడి పోయి, మందుపాతరకు బలైనవాళ్లలో మొదటి తరం చదువుకున్న మన పిల్లలు ఉన్నారు. మూడు వైపులా శవం మన వాడకే వచ్చింది. బల్ల మీద మాత్రం కులం ఒక అంశంగా నిలబడలేదు, భూమి అనే అంశంలో ఒక మూలగా మిగిలింది.

ఆ భూమి సంగతి చూద్దాం. చర్చలు తెగిపోయినా, వాటి ఒత్తిడి వల్ల ప్రభుత్వం 2004 చివర మంత్రి కోనేరు రంగారావు నాయకత్వంలో భూ కమిటీ వేసింది. కోనేరు రంగారావు దళితుడు, అంతకుముందు ఉపముఖ్యమంత్రిగా చేసినవాడు. 2006లో వచ్చిన ఆ నివేదికలో 104 సిఫారసులు ఉన్నాయి. అసైన్డ్ భూములు చేతులు మారడం, కాగితాల్లో పేరున్న దళితుడు నేల మీద లేకపోవడం, రెవెన్యూ కోర్టుల్లో బీదవాడికి వకీలు లేకపోవడం, ఇవన్నీ అందులో చర్చకు వచ్చాయి.

మా జిల్లాలో డీకేటీ పట్టా అంటే అందరికీ తెలుసు. దర్ఖాస్తు పెట్టుకుంటే బీదవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. మా పల్లెల్లో ఏ వాడకు పోయినా ఇనప్పెట్టెలో డీకేటీ పట్టా ఉంటుంది, చేన్లో మాత్రం ఇంకొకరి మామిడి తోట ఉంటుంది. అసైన్డ్ భూములు అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం చెప్పింది. కొన్నవాడి మీద చర్య లేదు, అమ్మినవాడికి అప్పు తీరలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమి మీద పట్టాదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఇది పట్టాదారుకు బలమా, కొనేవాడికి బలమా అనే చర్చ ఇంకా ముగియలేదు. ఇరవై ఏళ్ల కింద హైదరాబాదులో నాలుగు రోజులు జరిగిన చర్చకూ, చిత్తూరు మామిడి తోటకూ ఉన్న సంబంధం ఇదే. చర్చలు విఫలమయ్యాయని ఒక్క ముక్కలో కొట్టేస్తే, వాటిలో నుంచి పుట్టిన ఈ నివేదిక కూడా మరుగున పడుతుంది. ఆ నివేదికను చేతిలో పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు పోగలిగితే అది మనకు ఆయుధం.

ఎట్లా చదవాలి?

మధ్యవర్తి రాసిన ఏ పుస్తకం చేతికి వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగమని విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నా సూచన.

బల్ల దగ్గరికి ఎవరిని పిలవాలో ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్నకు ఐర్లండులో ఎన్నిక జవాబు చెప్పింది. మన దగ్గర తుపాకీ, అధికారం రెండే జవాబు చెప్పాయి.

మాట తప్పినవాణ్ణి అడిగేదెవరు? మధ్యవర్తికి నియమం చెప్పే పని ఇచ్చి, నిలబెట్టే శక్తి ఇవ్వకపోతే, చివరికి నింద మాత్రమే అతనికి మిగులుతుంది.

ఒప్పందం కుదరకపోతే ఎవరికి ఎక్కువ నష్టం? నష్టం ఒకవైపే ఎక్కువగా ఉంటే, ఆ వైపు సంతకం స్వేచ్ఛగా పడిందని నమ్మవద్దు.

రాసిన మనిషి ఏ వివరాల దగ్గర పేజీలు పేజీలు రాశాడు, ఏ వివరాలను ఒక్క వాక్యంలో దాటేశాడు? మధ్యవర్తి సహజంగా నాయకుల ముఖాలు, వాళ్ల కోపతాపాలు బాగా గుర్తుపెట్టుకుంటాడు. తలుపు బయట నిలబడ్డవాళ్లు అతని కంటికి గుంపుగానే కనిపిస్తారు.

ఈ ప్రశ్నలు పాతబడలేదు. 2025లో మావోయిస్టు పార్టీ మళ్లీ చర్చలకు సిద్ధమని లేఖలు రాసింది. హైదరాబాదులో శాంతి చర్చల కమిటీ ఏర్పడి కాల్పుల విరమణ కోరింది. ప్రొఫెసర్ హరగోపాల్ ఈసారి కూడా ఆ గొంతుల్లో ఉన్నారు. మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవిలో చంపబడ్డారు. ఈసారి బల్ల కూడా వేయలేదు. 2004లో మాట్లాడిన రామకృష్ణ 2021లో అనారోగ్యంతో చనిపోయారు. శంకరన్, కన్నబిరాన్ 2010లో, పొత్తూరి 2020లో, గద్దర్ 2023లో వెళ్లిపోయారు. ఆ గదిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. వాళ్ల గొంతులు రికార్డు చేసి, కాగితాలు సేకరించి పెట్టే పని మన విశ్వవిద్యాలయాల్లో జరగాలి.

దానికంటే ముందు మనం చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. మన వాడల్లో జరిగిన రాజీల చరిత్ర ఎవరూ రాయలేదు. ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఏ దాడి తర్వాత, ఎవరు కూర్చుని, ఏం చెప్పి సంతకం పెట్టించారు? ఒప్పుకున్నదాంట్లో ఏది జరిగింది, ఏది జరగలేదు? చదువుకున్న ప్రతి పిల్లా పిల్లోడు తమ వాడలో పెద్దవాళ్లను అడిగి రెండు పేజీలు రాస్తే, అది బాధితులు రాసిన మధ్యవర్తిత్వ చరిత్ర అవుతుంది. పెద్దమనుషుల జ్ఞాపకాల పక్కన పెట్టి చదవడానికి అది కావాలి.

ఇక మీదట మన వాడలో ఎవరైనా రాజీ కాగితం తెస్తే, దాన్ని గట్టిగా చదివి వినిపించిన తర్వాతే వేలు పెట్టాలి. చదవగలిగినవాళ్లు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు.